హెంక్ తాత తువ్వాల

ఎండిన కాలువలోకి మొదటి నీళ్లు వచ్చేటప్పుడు ఒక వాసన వస్తుంది. వాన వాసన కాదది. నెలల తరబడి ఎండకు పగిలిన ఒండ్రుమట్టి, అందులో కూరుకుపోయిన నత్తగుల్లలు, రాలిన తుమ్మకాయలు, మేకలు తిరిగిన జాడలు, అన్నీ ఒక్కసారి తడిసి పైకి లేచే వాసన. నీళ్ల కంటే నాలుగడుగులు ముందే అది మనల్ని చేరుతుంది. కిందటి నెలలో మిర్యాలగూడకు అవతల ఒక తూము దగ్గర నిలబడి ఉండగా ఆ వాసన తగిలింది. నీటిపారుదల శాఖలో ఇరవై ఏళ్లకు పైగా ఇంజనీరుగా ఉన్నవాణ్ని, నాకు ఆ వాసన కొత్త కాదు. నన్ను ఉలిక్కిపడేట్టు చేసింది లష్కర్ సైదులు చేసిన ఒక చిన్న పని. కాలువ షట్టర్లు ఎత్తి దించే పనివాణ్ని మా వైపు లష్కర్ అంటారు. సైదులు షట్టర్ తిప్పబోయే ముందు, దాని ఇనుప దిమ్మెను అరచేత్తో రెండుసార్లు తట్టాడు, కాడి కట్టబోయే ఎద్దు మూపును తట్టినట్టు.

"ఎందుకట్ల తట్టినవ్ సైదులూ?" అని అడిగాను.

"హెంక్ తాత గట్లనే తడ్తడు గద సార్!" అన్నాడు నా ముఖంలోకి వింతగా చూస్తూ. "మీరు రాసిందేనాయె. గీ బంతిచెట్లు గూడ ఆయన పేరు మీదనే పెట్టిన. నడుమిట్ల గొర్లు మేసినయి, మల్ల పెట్టిన." తూము గోడ వెంట వరసగా బంతిచెట్లు, చివర ఒక మందార. ఆ కాలువ మీద ఇంకే తూము దగ్గరా నేను పూలచెట్లు చూడలేదు. సైదులు నీళ్ల వైపు చూస్తూ ఇంకో మాట అన్నాడు. "భిక్షం సార్ మీద పుస్తకం ఏస్తున్నం. పాత పిల్లలమంత కలిసి. తలా ఒక ముచ్చట రాస్తున్నరు. హెంక్ తాత ముచ్చట మాత్రం మీరే రాయాలె. ఆయన్ని సూసినోల్లు మీరొక్కరే గద."

ఇదిగో, రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నాను: హెంక్ తాత అనే మనిషి లేడు. ఆయన్ని నేను చూడలేదు. మా భిక్షం సార్ ఏళ్ల తరబడి మీకు చదివి వినిపించిన ఆ పోస్టుకార్డుల్లో మొదటిది తప్ప మిగిలినవన్నీ ఒక గదిలో కూర్చుని నేను అల్లినవి. ఈ మాట మీ ముందు చెప్పమని సార్ బతికుండగా నన్ను అడిగారు. నేను చెప్పలేదు. ఈ పుస్తకం చదివేవాళ్లలో సార్‌ను చూడనివాళ్లు కూడా ఉంటారు కాబట్టి, ఆయన ఎవరో, నేను చేసింది ఎందుకంత తప్పో మొదటి నుంచి చెప్పాలి.

భిక్షం సార్ మాకు సాంఘికశాస్త్రం చెప్పేవారు. మాది చివ్వెంల దగ్గర గొర్లు మేపుకునే ఇల్లు. హైస్కూలు మా ఊరికి మూడు మైళ్లు. సార్ సూర్యాపేటలో కిరాయికి ఉండి రోజూ బస్సులో వచ్చేవారు. పొట్టి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు, భుజం మీద మడత పెట్టిన తెల్ల తువ్వాల. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. నెలకో ఆదివారం, వచ్చినవాళ్లను వచ్చినట్టు వెంటేసుకుని మొదటి బస్సుకు బయల్దేరేవారు. ఒకసారి సూర్యాపేట మార్కెట్ యార్డు, ఒకసారి మూసీ, ఒకసారి కోదాడ దాటి రోడ్డు పక్కన లారీలు ఆగే చోటు. పాఠం తర్వాత. ముందు చూడాలి. చూసినదాని గురించి మూడంటే మూడు వరసలు రాయాలి: గాలి, నేల, మనిషి. గాలి ఎటు నుంచి వీస్తోంది, కాళ్ల కింద ఏముంది, అక్కడ ఎవరితో మాట్లాడావు. ఈ మూడూ లేని నోట్సును ఆయన ముట్టుకునేవారు కాదు.

ఎనిమిదో తరగతిలో మమ్మల్ని సాగర్ ఎడమ కాలువ చూపించడానికి మిర్యాలగూడ వైపు తీసుకుపోయారు. మాది మెట్ట. బావి అడుగున చంద్రుడంత నీళ్లు చూడ్డమే తప్ప, కట్టలు ఒరుసుకుంటూ పారే నీళ్లు నేను చూడలేదు.

"ఏం రా యాదగిరీ, కాల్వ ఎప్పుడన్న సూసినవా?" అన్నారు సార్.

"పుస్తకంల బొమ్మ సూసిన సార్."

"బొమ్మల నీళ్లు తాగితే దూప తీరుతదా?" అందరూ నవ్వారు. సార్ మాత్రం నవ్వకుండా చెప్పులు విడిచి తూము మీదికి ఎక్కారు. "గీ తూము మా నాయనది. కాల్వ తవ్విన కాడ్నుంచి రిటైరయ్యేదాక గీన్నే లష్కర్ చేసిండు. షట్టర్ ఎత్తేముందు గిట్ల రెండు దెబ్బలు తట్టేటోడు. 'లే బిడ్డా, పొలాలు ఎదురు సూస్తున్నయ్' అనేటోడు ఎద్దుతోటి చెప్పినట్టు." అంటూ ఆ ఇనుమును తట్టి చూపించారు. ఆ ఆయకట్టులో ఒక ఆనవాయితీ ఉందని కూడా అప్పుడే చెప్పారు. తొలి నీళ్లు వదిలిన నాడు రైతులు లష్కర్ భుజం మీద కొత్త తువ్వాల కప్పుతారు. పంట ఇంటికి చేరాక కొత్త బియ్యం తెచ్చి ఇస్తారు. లష్కర్ నోరు తెరిచి అడగకూడదు. రైతు మరిచిపోకూడదు. సార్ భుజం మీది తువ్వాల అప్పటి నుంచి నాకు వేరేగా కనిపించేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. తొమ్మిదో తరగతిలో రైసు మిల్లు చూడ్డానికి పోయిన ఆదివారం నాకు జ్వరం. సోమవారం పక్కవాడి నోట్సు చూసి మూడు వరసలూ రాసిచ్చాను. సార్ చదివి, "మంచిగ రాసినవ్. తవుడు ఎటు దిక్కు పడ్తది, కుడికా ఎడమకా?" అని అడిగారు. నేను తెల్లముఖం వేశాను. కొట్టలేదు, తిట్టలేదు. మరుసటి ఆదివారం నన్నొక్కణ్నే వెంటబెట్టుకుని మిర్యాలగూడ దాకా వచ్చారు. మిల్లులో తవుడు దుమ్ము కనురెప్పల మీద పేరుకునేదాకా నిలబెట్టారు. తిరుగు బస్సులో ఒక్క మాటే అన్నారు: "కాలు తొక్కనిది చెయ్యి రాయొద్దు బిడ్డా." ఒకసారి దిద్దిన తప్పును పిల్లవాడు మళ్లీ చెయ్యడని నమ్మే మనిషి ఆయన. ఆ నమ్మకం మీదే నేను తర్వాత నా అబద్ధాల ఇల్లు కట్టుకున్నాను.

ఇంజనీరింగ్ చదివి, శాఖలో ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకు, నీటి యాజమాన్యం మీద ఏడాది చదువుకు నన్ను హాలండ్ పంపారు. అప్పటికి సార్‌కు కోదాడ దగ్గరి ఊరికి బదిలీ అయింది. అయినా నేను బయల్దేరే రోజున సూర్యాపేట బస్టాండుకు వచ్చారు. చేతిలో ఒక చిన్న నోట్‌బుక్. ప్రతి పేజీ మీదా ఆయనే స్కేలు పెట్టి గీతలు గీసి, పైన గాలి, నేల, మనిషి అని రాసి తెచ్చారు.

"ఆరు దినాలు వాళ్ల పుస్తకాలు సదువు. ఏడో దినం నీ కాళ్లను సదవనియ్యి. సూసిందల్ల కార్డు మీద రాయి. మా పిల్లలకు సదివి వినిపిస్త. వాళ్లకు బెజవాడనే పరదేశం."

"సదువు మస్తుంటదట సార్. టైం దొరుకుతదో లేదో."

"టైం దొరకదు రా. గుంజుకోవాలె." బస్సు కదులుతుంటే కిటికీ పక్కన నడుస్తూ, "మర్చిపోయేవ్, మనిషి పేరు రాయాలె! పేరు లేకుంటే లెక్కలకు రాదు!" అని అరిచారు. బస్సులో జనమంతా నావైపు చూశారు.

మొదటి ఆదివారం నిజంగానే తిరిగాను. మేమున్న చిన్న పట్టణంలో సంత జరిగే రాతి చావడి, జున్ను అమ్మే ఆమె. కార్డు రాశాను. మూడో వారంలో పరీక్ష పెట్టారు. కాలువలో నీటి నడకను కంప్యూటర్ మీద లెక్కగట్టే సబ్జెక్టు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం వాణ్ని, కంప్యూటర్‌ను పట్టుమని పది రోజులు ముట్టుకున్నది లేదు. క్లాసులో అందరికంటే తక్కువ మార్కులు నాకే వచ్చాయి. ప్రొఫెసరు మర్యాదగా కూర్చోబెట్టి, రెండో పరీక్ష కూడా ఇలాగే అయితే కొనసాగడం కష్టమని చెప్పారు. ఆ మాట మెత్తదనంలో ఉన్న పదును నాకు తెలియకపోలేదు. ఫెయిలై తిరిగిపోతే ఎదురయ్యే ముఖాలన్నీ వరసగా కళ్లముందు నిలబడ్డాయి. ఆ రోజు నుంచి నా ఆదివారాలు పోయాయి.

పక్కగదిలో ఇథియోపియా నుంచి వచ్చిన టెస్ఫాయె ఉండేవాడు. ప్రతి ఆదివారం పొద్దున కచ్చితంగా తలుపు కొట్టేవాడు. "రా, ఈరోజు సముద్రానికి." "రా, గాలిమరల దగ్గరికి." నేను అసైన్‌మెంట్ ఉందనేవాణ్ని. "నాకూ ఉంది, అదే అసైన్‌మెంట్," అనేవాడు నవ్వుతూ. సాయంత్రం చలికి చేతులు రుద్దుకుంటూ వచ్చి, వంటగదిలో టీ కాచుకుంటూ ఆ రోజు చూసిందంతా చెప్పి, ఆ తర్వాత చదవడానికి కూర్చునేవాడు. అతని మాటలు వినడం కూడా కాలహరణమనిపించి నేను గదిలోకి పోయి తలుపు వేసుకునేవాణ్ని. అలా వారమంతా చదివి ఆదివారం కూడా చదివితే ఎక్కువ వచ్చిందా అంటే, మధ్యాహ్నం రెండు దాటాక నా కళ్లు అక్షరాల మీద ఉండేవి, మనసు కిటికీ అవతల ఉండేది. ఊరు చూడలేదు, చదువూ ముందుకు సాగలేదు.

ఈలోగా కోదాడ నుంచి పెద్ద కవరు వచ్చింది. సార్ తరగతి పిల్లలు నా ఒక్క కార్డుకు నలభై ప్రశ్నలు పంపారు. ఆ చావడిలో కుక్కలు ఉంటాయా అండీ? జున్ను అమ్మే ఆమె మీకు కొంచెం రుచి చూపించారా అండీ? అడుగున సార్ రాత: "పిల్లలు తర్వాతి కార్డు కోసం చూస్తున్నారు. ఈసారి నీళ్ల సంగతి రాయి." ఫెయిలయ్యాను, గది దాటడం లేదు అని ఆ పిల్లలకు ఎలా రాయను? లైబ్రరీలో ఒక పాత బొమ్మల పుస్తకం దొరికింది. అందులో ఒక కాలువ గేటు, పక్కన ఇటుకల ఇల్లు. గీతలు గీసిన నోట్‌బుక్ తెరిచాను. కిటికీలోంచి ఎదుటి మేడ మీది జెండా చూసి గాలి రాశాను. ఆ కార్డులన్నిట్లో గాలి ఒక్కటే నిజం. బొమ్మ చూసి నేల రాశాను. మూడో గడి ఖాళీగా నన్నే చూస్తోంది. రోడ్డుకు అటువైపు సైకిళ్ల దుకాణం బోర్డు మీద ఒక పేరు ఉంది. హెంక్. ఆ పేరు తీసుకుని, గేటు కాపరిగా పెట్టి, ఇంటిముందు పూలచెట్లు నాటాను. మనిషి ఇంకా కదలడం లేదు. అప్పుడు రాశాను: "గేటు తెరిచే ముందు హెంక్ దాన్ని అరచేత్తో రెండుసార్లు తడతాడు, ఎద్దును తట్టినట్టు." వెంటనే అతనికి ప్రాణం వచ్చింది.

ఆ ప్రాణం ఎక్కడి నుంచి తెచ్చానో మీకు తెలుసు. నాకు ఆ క్షణాన తెలియలేదంటే నమ్ముతారో లేదో. సార్ జవాబు చూసి తెలిసింది. "గేటు తట్టే సంగతి చదువుతూ కార్డు బల్ల మీద పెట్టి కిటికీ వైపు తిరిగాను. పిల్లలు భయపడ్డారు. మా నాయన సంగతి వాళ్లకు చెప్పాను. దేశమేదైనా లష్కర్ లష్కరే. ఆయనకు నా నమస్కారం చెప్పు." ఆ ఉత్తరం చదివి లేచి నిలబడ్డాను. ఆ రోజే నిజం రాసి ఉండాల్సింది. రెండో పరీక్ష నాలుగు రోజుల్లో ఉంది. పరీక్ష తర్వాత రాద్దామనుకున్నాను. పరీక్ష గట్టెక్కాను. నిజం మాత్రం రాయలేదు. హెంక్‌కు మోకాలి నొప్పి వచ్చింది, మనవరాలు పుట్టింది, చలికాలంలో కాలువ గడ్డకట్టి పడవలు రాక బెంగపెట్టుకున్నాడు. కార్డు తర్వాత కార్డు. పిల్లలు ఆయన్ని తాత అనడం మొదలుపెట్టారు.

శీతాకాలం చివర హైదరాబాదు నుంచి రెండువారాల శిక్షణకు ఒక అధికారి వచ్చారు. ఆయన చేతికి సార్ ఒక సంచీ ఇచ్చి పంపారు. అందులో అంచున ఎర్ర గీత ఉన్న కొత్త తువ్వాల, గుడ్డమూటలో రెండు కిలోల కొత్త బియ్యం. ఒక చీటీ. "హెంక్ గారికి. తొలి నీళ్ల తువ్వాల, తొలి పంట బియ్యం. మా కాలువ తరఫున."

తువ్వాలను పెట్టె అడుగున దాచాను. బియ్యం ఎన్నాళ్లు దాచగలను? ఒక ఆదివారం హాస్టల్ వంటగదిలో వండాను. మూత తీయగానే వచ్చిన ఆవిరి వాసనకు, ఆర్నెల్లుగా బిగబట్టుకున్నదేదో లోపల తెగిపోయింది. మిర్యాలగూడ మిల్లు, కనురెప్పల మీద తవుడు, తిరుగు బస్సు. టెస్ఫాయె లోపలికి వచ్చి, "ఇవాళ మీ పండగా?" అని అడిగాడు. కాదన్నాను. "మరి ఎందుకు ఏడుస్తున్నావు?" అన్నాడు. ఆవిరి అన్నాను. ఇద్దరం తిన్నాం. హెంక్ గారు మీ బియ్యం చాలా బాగున్నాయన్నారని ఆ సాయంత్రమే కార్డు రాశాను.

చివరి పరీక్షలయ్యాక, తిరుగు ప్రయాణానికి ముందు ఒక్క ఆదివారం మిగిలింది. బొమ్మల పుస్తకంలోని గేటు ఎక్కడుందో టెస్ఫాయెను అడిగి, తువ్వాలను సంచీలో పెట్టుకుని రైలెక్కాను. అక్కడ ఎవరుంటే వాళ్ల భుజం మీద కప్పి, పేరడిగి, అబద్ధాన్ని వీలైనంత నిజం చేద్దామని. రైలు దిగి గంట నడిచాను. గేటు ఉంది. ఇటుకల ఇల్లూ ఉంది, అందులో వేరే ఎవరో కాపురముంటున్నారు, తలుపు వేసి ఉంది. గేటు కాపరి లేడు. ఒక స్తంభానికి కెమెరా, ఒక ఎర్రదీపం. పడవ వచ్చింది. దీపం పచ్చగా మారింది. గేటు దానంతటదే తెరుచుకుంది, నీళ్లు సర్దుకున్నాయి, పడవలో ఉన్న ఆమె నాకు చెయ్యి ఊపి వెళ్లిపోయింది. గేటు దానంతటదే మూసుకుంది. ఎక్కడో ఊరవతల గదిలోంచి దాన్ని నడుపుతారని తర్వాత తెలిసింది. నా పుస్తకం పాతది.

రెండు గంటలు అక్కడే గట్టు మీద కూర్చున్నాను. ఒక కొంగ ఎదుటి ఒడ్డున ఒంటికాలి మీద నిలబడి నాలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ దేశంలో సంవత్సరం పాటు ఉన్నాను. నేను చూసిన దేశం ఆ రెండు గంటలే. ఇప్పటికీ నాకు దాని మీద పోని బెంగ. చూసినదాని మీద కాదు, ఆ రైలు కిటికీలోంచి వెనక్కి పోయిన వాటి మీద, దిగని స్టేషన్ల మీద. టెస్ఫాయెకూ నాకూ చివర్లో వచ్చిన మార్కులు దాదాపు ఒకటే. అతను అన్ని ఆదివారాలూ తిరిగాడు. నేను ఒక్కటి. ఇంకా బాధ ఏమిటంటే, నిజంగా కాలు తొక్కిన ఆ ఒక్క చోటు గురించి సార్‌కు రాయలేకపోయాను. అక్కడ మనిషి లేడని రాస్తే హెంక్ ఏమైనట్టు?

తిరిగొచ్చాక సార్ కాళ్లకు మొక్కితే ఆయన మొదట అడిగిందే అది. "తువ్వాల కప్పినవా?" కప్పానన్నాను. "ఏమన్నడు?" నవ్వాడన్నాను. ఆ తర్వాత ఏళ్లకేళ్లు, రిటైరయ్యేదాకా, ప్రతి కొత్త తరగతికీ ఆ కార్డులు చదివి వినిపించారు.

ఏడేళ్ల కిందట, ఎండలు ముదరక ముందు, సార్ కోదాడ నుంచి ఫోన్ చేసి నాయన తూము ఒకసారి చూపించమన్నారు. ఆదివారం నా బండిలో తీసుకుపోయాను. నడుము వంగింది, భుజం మీద తువ్వాల మాత్రం అలాగే ఉంది. కట్ట మీద కూర్చుని కాసేపయ్యాక, "హెంక్ ఉన్నడో పోయిండో. నా ఈడుకు పదేండ్లు పెద్దోడుంటడు," అన్నారు. చాలా ఏళ్లుగా ఆ మాట వింటున్నాను. ఆ రోజు ఆ తూము ఎదురుగా నా నోరు అబద్ధానికి తిరగలేదు. మొత్తం చెప్పేశాను. పరీక్ష, బొమ్మల పుస్తకం, సైకిళ్ల దుకాణం బోర్డు, కెమెరా.

సార్ కట్ట మీది మట్టిబెడ్డ ఒకటి తీసి నీళ్లలో వేశారు. తర్వాత అడిగారు, "మరి బియ్యం ఎవరు తిన్నరు?"

"నేనే సార్."

"మంచిగ ఉడికినయా?"

"ఉడికినయ్ సార్."

"ఊఁ." తూము వైపు చెయ్యి చూపించారు. "గేటు తట్టుడు?"

"అది మీ నాయనది సార్."

ఆయన తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నారు. "మా నాయన మిర్యాలగూడ దాటలేదు రా ఎన్నడు. నువ్వు గాడికి తోల్కపోయినవ్." అది మెచ్చుకోలో, తిట్టో, ఇప్పటికీ నేను తేల్చుకోలేకపోయాను. లేచి నిలబడ్డాక ఆయన గొంతు మారింది. బడిలో గొంతు. "పరీక్ష పోయింది, పరేషాన్‌ల ఉన్న, బయటికి పోతలేను అని రాయకపోయినవ్? నా పిల్లలల్ల సగం మంది ఫెయిలైతమని దడుసుకునేటోల్లే. నీ అసొంటోడు గూడ దడుసుకుంటడని తెలుస్తే వాళ్లకు ఎంత ధైర్యముండు! హెంక్ కన్న గా కార్డు ఎక్కువ పనికొచ్చు."

సార్ తువ్వాల మళ్లీ భుజం మీద వేసుకున్నారు. "నాకు చెప్తే ఖతం కాలేదు యాదగిరీ. వాళ్లకు చెప్పాలె. వచ్చే ఆదివారం పిలుస్త అందర్ని. నేను చెప్ప. నీ నోటితోనే రావాలె."

ఎండాకాలం పనులు అయిపోనివ్వండి సార్ అన్నాను. అప్పుడే నాకు ప్రమోషన్ వచ్చింది. ఆ పాత పిల్లల్లో కొందరు మా శాఖలోనే, నా కింద పనిచేస్తున్నారు. వాళ్ల ముందు నిలబడి నేను అబద్ధాలకోరునని చెప్పడానికి నోరు రాలేదు. సార్ రెండుసార్లు ఫోన్ చేశారు. హెంక్ పేరెత్తలేదు. "ఎప్పుడొస్తవ్?" అని మాత్రమే అడిగారు. మూడోసారి ఫోన్ చేసింది వాళ్లమ్మాయి. దవాఖానలో ఉన్నారని, వెంటనే రమ్మని. నేను కోదాడ చేరేసరికి ఇంటిముందు షామియానా వేస్తున్నారు.

ఆ రోజు ఎవరో పాత విద్యార్థి నాలుగు మాటలు చెబుతూ హెంక్ తాతను తలుచుకున్నాడు. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. కొందరు నావైపు తిరిగి చూశారు. నేనూ వాళ్లతోపాటు నవ్వాను. హాలండ్‌లో రాసిన పది కార్డుల కన్నా, సార్ పాడె పక్కన నవ్విన ఆ నవ్వు పెద్ద అబద్ధం.

అందుకే ఇది రాయడానికి కూర్చునే ముందు మొన్న ఆదివారం ఒక్కణ్నే సైదులు తూము దగ్గరికి వెళ్లాను. కాలువ నిండుగా ఉంది. సైదులు బంతిచెట్లకు పాదులు తీస్తున్నాడు. పక్కన కూర్చుని చెప్పాను. అతను పార ఆపి విన్నాడు. అవతలి గట్టు మీద ఎవరో గొర్లను తోలుకుపోతుంటే అవి దాటేదాకా చూశాడు. ఆ తర్వాత అన్నాడు:

"మరి చెట్లు పీకాల్నా సార్?"

"వద్దు సైదులూ. ఎందుకు పీకుతవ్?"

"మల్ల తట్టుడు?"

"అది నిజం. గది సార్ వాళ్ల నాయనది. గీ కాల్వదే."

అతని ముఖం కొంచెం తేటపడింది. "గట్ల చెప్పుండ్రి. అయితే మనదే ఆడికి పోయి మల్ల మనకొచ్చిందన్నట్టు." మళ్లీ పార అందుకుని, నా వైపు చూడకుండా, "ఎనిమిదిల నేను లెక్కల తప్పిన సార్. బడి బందు పెడ్తనని ఏడ్సిన. మీరు గూడ తప్పిండ్రని గప్పుడు తెల్వకపాయె," అన్నాడు. సార్ చెప్పింది అక్షరాలా ఇదే. ఏడేళ్లు ఆలస్యంగా, వేరే నోటి నుంచి విన్నాను.

సంచీలోంచి తువ్వాల తీశాను. ఎర్ర అంచు వెలిసింది కానీ మడత విప్పలేదు. ఇది లష్కర్‌కు చేరాల్సింది, తీసుకో అన్నాను. సైదులు రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. "వద్దు సార్. గది సార్ హెంక్ తాతకిచ్చింది. నాకు రైతులు కప్పిండ్రు, తొలి నీళ్ల నాడే." లష్కర్ నోరు తెరిచి అడగడు, తన కోసం పంపని దాన్ని తీసుకోడు. అలాగే మళ్లీ సంచీలోనే పెట్టుకున్నాను. నేనెక్కడికి పోయినా అది నాతోనే ఉంటుంది.

సార్ గీతలు గీసిన ఆ నోట్‌బుక్ కూడా ఉంది. అందులో చివరి పేజీ ఒక్కటి ఇన్నేళ్లూ ఖాళీగా వదిలేశాను. ఇవాళ నింపాను.

గాలి: సముద్రం వైపు నుంచి, చల్లగా.

నేల: ఇటుకలు, తడి, సందుల్లో నాచు.

మనిషి: లేడు సార్. రెండు గంటలు చూశాను.